మాత్ర మాన్పిస్తున్నది మస్టరే

గోదావరిఖని చౌరస్తాలో పొద్దున ఫస్ట్ షిఫ్టు వేళకు నిలబడితే ఒకే దారిలో రెండు రకాల కార్మికులు పోతుంటారు. ఒకరు సింగరేణి పర్మినెంటు కార్మికులు. రెండోవాళ్లు కాంట్రాక్టు కార్మికులు: ఊడ్చేవాళ్లు, బెల్టు కింద పడ్డ బొగ్గు ఎత్తేవాళ్లు, కాలనీల్లో పారిశుధ్య పని చేసేవాళ్లు, ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసే ప్రైవేటు కంపెనీల డ్రైవర్లు, హెల్పర్లు. ఇద్దరికీ బీపీ ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు. డాక్టరు చీటీ మీద రాసిన గోలి కూడా ఒకటే కావచ్చు. కానీ ఆరు నెలల తర్వాత ఆ గోలి ఎవరి జేబులో ఇంకా ఉంటుందన్నది డాక్టరు తేల్చేది కాదు. ఎవరి పేరు ఏ మస్టర్‌లో ఉందో అదే చాలావరకు తేలుస్తుంది.

మందులు సరిగ్గా వేసుకోనివాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మనకు అలవాటైన మాట "నిర్లక్ష్యం". చదువు లేదు, తాగుతారు, చెప్తే వినరు అంటారు. ఈ మాటల వెనక కులం వాసన ఎంత ఉందో ఈ వెబ్‌సైటు చదివేవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. కోల్ ఫిల్లర్ బిడ్డగా ఆ మాటలు వింటూ పెరిగాను. ఇప్పుడు పరిశోధక విద్యార్థిగా వాటిని పక్కన పెట్టి, గోలి ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం.

సగం మంది మానేసే మందు

ముందుగా ఒక సంగతి. దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగ్గా వాడేవాళ్లు ధనిక దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. పేద దేశాల్లో ఇంకా తక్కువ. మందు వాడకపోవడానికి కారణాలను ఆ నివేదిక ఐదు వైపుల నుంచి చూడమంది: మనిషి ఆర్థిక, సామాజిక పరిస్థితి, వైద్య వ్యవస్థ తీరు, జబ్బు స్వభావం, మందు స్వభావం, రోగి. ఐదింటిలో రోగి ఒక్కవైపే. మనం మాత్రం నింద మొత్తం ఆ ఒక్కవైపే మోపుతాం.

జబ్బు స్వభావమే తీసుకోండి. బీపీ 140/90 దాటినా చాలామందికి ఏమీ అనిపించదు. తలనొప్పి ఉండదు, పనికి అడ్డు రాదు. పూట గడవడమే లెక్కగా బతికేవాళ్లకు, నొప్పి లేని జబ్బు కోసం రోజూ గోలి వేసుకోవడం అర్థం లేని పనిగా కనిపిస్తుంది. జబ్బు లోపల రక్తనాళాలను, మూత్రపిండాలను, కళ్లను తింటూనే ఉంటుంది. బయటపడే రోజున అది పక్షవాతంగానో, గుండెపోటుగానో, డయాలసిస్‌గానో బయటపడుతుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ ఉంది. ఇవి ఒకప్పుడు డబ్బున్నోళ్ల జబ్బులన్నారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు.

బాయిలో గోలి ఎట్ల ఆగిపోతుంది

మందు స్వభావాన్ని పని స్వభావం పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

బీపీకి ఇచ్చే కొన్ని మందులు మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తాయి. ఊకె మూత్రం వస్తదని ఆ గోలి పక్కన పెట్టేవాళ్లు చాలామంది. పని చోట మరుగుదొడ్డి దగ్గర లేని ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. ఎండలో ఒంట్లో నీరు తగ్గి, పైన ఆ గోలీ వేసుకుంటే కళ్లు తిరుగుతాయి. కళ్లు తిరిగితే తప్పు గోలిదే అనుకుంటారు. మరుగుదొడ్డి లేకపోవడం కూడా ఒక వైద్య సమస్యేనని ఏ చీటీ మీదా రాయరు.

షుగర్‌కు ఎక్కువగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ మొదట్లో కొందరికి కడుపులో గడబిడ చేస్తుంది, విరేచనాలు పెడుతుంది. భూగర్భ గనిలో షిఫ్టు మొత్తం ఉండాల్సిన మనిషి ఆ గోలిని ఎందుకు దాటేస్తాడో చెప్పడానికి డాక్టరేట్ అవసరం లేదు. అన్నం తిన్నాక వేసుకోవడం, తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం, నెమ్మదిగా కరిగే రకం రాయడం వల్ల ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. కానీ అది డాక్టరుకు చెప్పుకునే రెండు నిమిషాలు దొరకాలి.

గ్లిమిపిరైడ్ లాంటి గోలీల సంగతి ఇంకా కీలకం. అవి వేసుకుని టైముకు తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు మసకబారుతాయి. రామగుండం ఎండలో ఓపెన్‌కాస్టు గట్టు మీద చెమట పడితే అది షుగర్ పడిపోయిన చెమటో, ఎండ చెమటో ఎవరు గుర్తుపడతారు? డంపర్ నడిపే మనిషికి అలా ఒకసారి అయితే చాలు, రెండోసారి గోలి ముట్టడు. అతని భయం సరైనదే. దానికి జవాబు గోలి మానేయడం కాదు. పనికి తగ్గట్టు మందు మార్చమని అడగడం, జేబులో చక్కెరో బెల్లం ముక్కో పెట్టుకోవడం.

రాత్రి షిఫ్టు సంగతి సరేసరి. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చీటీ మీద ఉంటుంది. వారానికో షిఫ్టు మారే మనిషికి పొద్దు ఏది, రాత్రి ఏది? అతనికి చెప్పాల్సింది గడియారం ప్రకారం కాదు, నిద్ర లేచాక, అన్నం తిన్నాక అనే లెక్కన. ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇంకో బాధ. తెరవని సీసా ఫ్రిజ్‌లో ఉండాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో, నలభై అయిదు డిగ్రీల ఎండాకాలంలో దాన్ని చల్లని తడి కుండలో కాపాడుకోవాలని ఎంతమందికి చెప్తున్నారు?

చాలామంది గమనించనిది మరొకటి ఉంది. ఒళ్లు నొప్పుల గోలి. పొద్దంతా ఒళ్లు హూనం చేసుకున్న మనిషి సాయంత్రం మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుంటాడు, లేదా ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుంటాడు. ఈ మందులు బీపీని పెంచుతాయి, బీపీ గోలి పనిని తగ్గిస్తాయి, షుగర్ ఉన్నవాళ్ల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒక చేత్తో వేసుకున్న మందును ఇంకో చేయి చెడగొడుతుంది. ఆ నొప్పి పని నుంచి వచ్చింది, అలవాటు నుంచి కాదు.

ఒక్క చీటీకి ఒక్క మస్టర్

ఇప్పుడు వైద్య వ్యవస్థ వైపు చూద్దాం. సింగరేణిలో సుమారు 40 వేల మంది పర్మినెంటు కార్మికులున్నారు. వాళ్లకు, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకు కంపెనీ దవాఖానలున్నాయి, అక్కడ మందులు ఉచితం. జబ్బు చేస్తే సెలవుకు జీతం ఉంది. ఇవి దయతో వచ్చినవి కావు, తరాల పోరాటంతో వచ్చినవి.

కాంట్రాక్టు కార్మికులకు? పల్లె దవాఖానలు, ప్రభుత్వాసుపత్రి ఉన్నాయి. 2022 నవంబరులో తెలంగాణలో ఒకేరోజు మొదలైన ఎనిమిది ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో రామగుండం కూడా ఒకటి. బీపీ గోలీలు అక్కడ ఉచితమే. బయట కొన్నా అమ్లోడిపిన్ లాంటివి చవకే. కానీ ఓపీ నడిచేది పొద్దున పూట, పని నడిచేదీ అప్పుడే. నెలకోసారి గోలీలు తెచ్చుకోవాలంటే నెలకో మస్టర్ పోవాలి. షుగర్ పరీక్షకు పరగడుపున రావాలంటే ఇంకో మస్టర్. ఉచితమైన గోలి ధర ఒక రోజు కూలి. ఈ లెక్క వేసుకునే మనిషిని నిర్లక్ష్యం చేస్తున్నాడని అనడం అన్యాయం. అతను లెక్క సరిగ్గానే వేస్తున్నాడు.

ఇక చట్టం వైపు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం "ఫ్యాక్టరీ" అనే మాటకిచ్చిన నిర్వచనంలోంచే గనుల చట్టం కిందికి వచ్చే గనిని మినహాయించింది. కంపెనీ దవాఖాన ఉన్న పర్మినెంటు కార్మికుడికి దానివల్ల నష్టం లేదు. గనిలోనే పని చేస్తూ కంపెనీ దవాఖాన కార్డు లేని కాంట్రాక్టు కార్మికుడు మాత్రం రెంటికీ నడుమ జారిపడ్డాడు. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు రోజుల తరబడి చేసిన సమ్మెను ఎక్కువమంది జీతాల సమ్మెగానే గుర్తుపెట్టుకున్నారు. కూలి పెరగడం, మస్టర్ పోకుండా దవాఖానకు పోగలగడం వేరువేరు డిమాండ్లు కావు.

"అన్‌ఫిట్" అనే మాటకు రెండు అర్థాలు

గనుల చట్టం (1952) కింద 1955లో వచ్చిన మైన్స్ రూల్స్‌లోని 29బి నియమం ప్రకారం గనిలో పని చేసేవాళ్లకు చేరేముందు ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకు మించకుండా మళ్లీమళ్లీ వైద్య పరీక్ష చేయించాలి. పర్మినెంటా, కాంట్రాక్టా అన్న తేడా లేదు. బీపీ, షుగర్ మొదటిసారి బయటపడే అవకాశం చాలామందికి అక్కడే.

కానీ ఆ పరీక్ష గదిలోకి ఇద్దరూ ఒకే గుండెతో పోరు. పర్మినెంటు కార్మికుడు మెడికల్ అన్‌ఫిట్ అయితే నిబంధనల మేరకు ఇంట్లో అర్హులకు కారుణ్య నియామకం అడిగే దారి ఉంది. కాంట్రాక్టు కార్మికుడు అన్‌ఫిట్ అయితే మిగిలేది రోడ్డే. అందుకే పరీక్ష ముందు రోజు మాత్రం గోలి వేసుకుని, బీపీ దింపుకుని, పరీక్ష అయ్యాక మానేసేవాళ్లుంటారు. జబ్బును దాచడం బతుకుతెరువైపోయినచోట జబ్బుకు మందు రోజూ బహిరంగంగా వేసుకోవడం ఎట్ల సాధ్యం? నిజానికి అదుపులో ఉన్న బీపీ, షుగర్ ఎక్కువ పనులకు అడ్డం కాదు. అదుపు తప్పినవే అడ్డం. ఈ సంగతి రాతపూర్వకంగా, కార్మికుడి చేతికే ఇవ్వకపోతే ఆ భయం పోదు.

అంబేద్కర్ దిగిన గని

వైద్యం పని హక్కులో భాగమన్న మాట కొత్తది కాదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు డాక్టర్ అంబేద్కర్ 1943 డిసెంబరులో ధన్‌బాద్ ప్రాంతానికి పోయి బొగ్గు గనిలోకి స్వయంగా దిగి చూశారు. ఆ వెంటనే 1944 జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది. బొగ్గు మీద సెస్సు వేసి ఆ డబ్బును కార్మికుల ఇళ్లకు, నీళ్లకు, వైద్యానికి పెట్టాలన్నది దాని సారం. బొగ్గు ఎవరు తవ్వుతారో వాళ్ల ఆరోగ్యం ఖర్చు బొగ్గే భరించాలి. ఆ సూత్రంలో పర్మినెంటు, కాంట్రాక్టు అన్న గీత లేదు. ఒకప్పుడు తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన వాడల బిడ్డలే ఇవాళ చాలామంది కాంట్రాక్టర్ కింద చీపురు పట్టుకున్నారు. గీత ఎవరి మధ్య పడిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఏం అడగాలి

2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్‌కు ఎంచుకున్న తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. దాని పాఠం తేలికైనది: అందరికీ ఒకే సులువైన మందుల పద్ధతి, మందులు అయిపోకుండా సరఫరా, ఇంటి దగ్గరే గోలీలు, రానివాళ్లను వెతికి పిలవడం. బొగ్గు బెల్టుకు దీన్ని అన్వయిస్తే సంఘాలు, విద్యార్థులు అడగాల్సినవి ఇవి.

ఒకటి, గని ఆవరణలో పని చేసే ప్రతి ఒక్కరికీ కంపెనీ దవాఖానలో కార్డు. రెండు, నిలకడగా ఉన్నవాళ్లకు రెండు మూడు నెలల గోలీలు ఒకేసారి. మూడు, షిఫ్టు దిగాక పోగలిగే సాయంత్రం ఓపీ, మస్టర్ దగ్గరే బీపీ పరీక్ష. నాలుగు, చెకప్‌కు పోయిన పూట కూలి కోయకూడదన్న షరతు టెండర్ కాగితంలోనే ఉండాలి. ఐదు, వైద్య పరీక్ష ఫలితం నకలు కార్మికుడి చేతికి తెలుగులో. ఆరు, మరుగుదొడ్డి, తాగునీరు, నీడ. ఇవి కూడా బీపీ మందులే.

ఈలోగా మన వాడల్లో చేయగలిగింది ఉంది. గోలి మానేసినవాళ్లను "ఎందుకు మానేసినవ్?" అని గద్దించకుండా, "ఏ గోలితో ఏమైతంది, ఏ షిఫ్టులో ఉన్నవ్?" అని అడగాలి. బీపీ తగ్గిందంటే గోలి పని చేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదని చెప్పాలి. సొంతంగా మానేయకుండా మార్పించుకోమనాలి. వాళ్లు చెప్పింది రాసిపెట్టాలి. పది మంది చెప్పిన పది కారణాలు ఒక కాగితం మీదికి వస్తే అది ఇక ఒకరి నిర్లక్ష్యం కాదు, ఒక డిమాండ్ పత్రం.