వేలు తగిలితే... రంపం ఆగిపోతుంది!

గిర్రున తిరిగే రంపానికి వేలు తగిలితే ఇంకేముంది... చెయ్యి లాక్కునేలోపే తెగిపోతుంది. ఇంట్లోనే సరదాగా చెక్కపని చేసుకునేవాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలో టేబుల్ రంపాల వల్ల ఏటా వేలమందికి వేళ్లు పోతున్నాయి. ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన స్టీవ్ గాస్‌కూ చెక్కపని సరదా. భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, పేటెంట్ లాయరుగా స్థిరపడ్డారు. 1999లో ఆయనకో ఉపాయం తట్టింది.

బ్లేడులోకి సన్నటి విద్యుత్ సంకేతం పంపుతారు. ఎండు చెక్క తగిలితే అది పెద్దగా మారదు. మన ఒళ్లు తగిలితే మారిపోతుంది. ఆ వెంటనే ఓ అల్యూమినియం దిమ్మ వచ్చి రంపం పళ్లలో దిగబడుతుంది. 5 మిల్లీసెకన్లలో అంతా బంద్! వేలికి బదులు సాసేజ్ పెట్టి చూపిస్తే చిన్న గాటు పడిందంతే. జనం నమ్మాలి కదా, చివరికి గాస్ తన వేలే పెట్టారు. నొప్పి, బాగానే రక్తం... వేలు మాత్రం దక్కింది. పెద్ద కంపెనీలు ముందుకు రాకపోవడంతో సొంతంగా 'సాస్టాప్' పెట్టి 2004లో అమ్మకాలు మొదలెట్టారు.

అయితే ఒకసారి పనిచేశాక దిమ్మను మార్చాల్సిందే, చాలాసార్లు బ్లేడునూ. పైగా చెక్క బ్లేడు వెనక బిగుసుకుని మనిషి మీదికి ఎగిరిరావడాన్ని ఈ బ్రేకు ఆపలేదు. అందుకే బ్లేడు వెనక పల్చటి రేకు బిగిస్తారు. పనిచేసేవాళ్లు బ్లేడుకు ఎదురుగా కాక కాస్త పక్కకు నిలబడాలి. చిన్న ముక్కల్ని చేత్తో కాదు, కర్రతో నెట్టాలి. గ్లవ్స్ మాత్రం వద్దు. అవి పళ్లకు చిక్కితే చేతినీ లోపలికి లాగేస్తాయి.