పాత కారు బ్రేకు పళ్లెమునకు రివెట్లు ఎందుకు?

శనివారమునాడు కోనసీమలోని వాడపల్లికి వేంకటేశ్వరుని దర్శనమునకై జనము వేలకొలది వత్తురు. అటువంటి గుంపు ఎదురైనప్పుడు కారు వెంటనే ఆగవలెను. 1,500 కిలోగ్రాముల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునపుడు దాని చలనశక్తి సుమారు 2 లక్షల 8 వేల జౌళ్లు. ఆ శక్తితో 30 డిగ్రీల వేడిగల నీటిని 700 మిల్లీలీటర్ల వరకు మరుగుస్థితికి తేవచ్చును. కారు ఆగులోపల ఈ శక్తిలో అధికభాగము బ్రేకులలో వేడిగా మారును.

పాత కార్ల డ్రమ్ము బ్రేకులలో లైనింగును షూకు రివెట్లతో బిగించుట మన మెకానికులు ఎరిగిన పనియే. డిస్క్ బ్రేకులలో తిరుగుచుండునది ఒక పోత ఇనుప పళ్లెము. అమెరికాలో 1965 నుండి 1982 వరకు తయారైన కార్వెట్ కార్లలో ఈ పళ్లెమును కూడ, చక్రమును మోయు హబ్బునకు, కర్మాగారముననే రివెట్లతో బిగించిరి. అరిగిన పళ్లెమును ఇంటివద్ద మార్చదలచినవారు ముందుగా దీని కారణమును తెలిసికొనవలెను.

చక్రపు నట్లు బిగించినచో పళ్లెము చక్రమునకు, హబ్బునకు నడుమ నొక్కబడి కదలక నిలుచును. బ్రేకు బలమును భరించునది ముఖ్యముగా ఈ బిగింపే. రివెట్లు చేసిన మేలు వేరు. పళ్లెమును హబ్బును ఒకటిగా కూర్చి, పిదప కలిపి చెక్కుటచే, పళ్లెము వంకర లేక తిరిగెడిది. రివెట్లు ఆ పొందిక చెడకుండ కాపాడినవి.

పళ్లెము అటునిటు ఊగినచో కాలిపరులోని పిస్టనులు కూడ వెనుకకు ముందుకు కదలును. ఆ కదలికలో గాలి వాటి సీళ్లను దాటి బ్రేకు నూనెలో చేరవచ్చును. నూనె నొక్కిన అణగదు, గాలి అణగును. అందువలన పెడలు మెత్తగా క్రిందికి దిగి, బ్రేకు పట్టు తగ్గును. ఈ ఊపు అంగుళములో వెయ్యింట అయిదు పాళ్లు మించరాదు. అనగా ఇంచుమించు కాగితపు మందమంత.

కారును జాకీపైననే వదలక, గట్టి స్టాండులపై నిలుపవలెను. పాత బ్రేకుల ధూళిలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. దానిని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. కాలిపరును తీసి, నూనె గొట్టముపై బరువు పడకుండ వ్రేలాడదీయవలెను. పళ్లెమునకు, హబ్బునకు ఎదురెదురుగా గుర్తు పెట్టవలెను. కంటి అద్దములు ధరించి, ప్రతి రివెట్టు తల నడుమ పంచితో గుంట కొట్టి, కాడకంటె కొంచెము సన్నని డ్రిల్లుతో తొలువవలెను. తల ఊడిన పిదప మిగిలిన కాడను పంచితో వెలికి త్రోయవచ్చును. సుత్తిదెబ్బలు గట్టిగా వేసినచో బేరింగులు చెడును.

పాత పళ్లెమే తిరిగి వేయునపుడు గుర్తులు కలిపి వేయవలెను. క్రొత్తదైనచో హబ్బు ముఖముపై తుప్పును పూర్తిగా గీకి, అయిదు బోల్టులపై అయిదు స్థానములలోను అమర్చి, ప్రతిసారి నట్లు బిగించి, డయల్ గేజితో ఊపు కొలిచి, అతి తక్కువగా ఉన్న స్థానమును ఎన్నుకొనవలెను. క్రొత్త రివెట్లు అవసరము లేదు. అవి ఇంతకాలము కాపాడిన పొందికను మాత్రము ఇకమీదట కొలతయే కాపాడవలెను. గేజి లేనివారు రివెట్ల జోలికి పోకుండుట మేలు.