కరెంటు ఎలా పారుతుంది? ముక్త్యాల పిల్లలకు కృష్ణా ఒడ్డున ఒక సైన్స్ పాఠం

ఇంట్లో ఫ్యాను ఆగిపోతే తెలుగులో ‘కరెంటు పోయింది’ అంటాం. ఉర్దూలో ‘బిజ్లీ చలీ గయీ’ అంటాం. పదో తరగతి పుస్తకం తెరిస్తే అదే ‘విద్యుత్తు’ అవుతుంది. పేరు మారేసరికి చాలామంది పిల్లలకు భయం పట్టుకుంటుంది. ఓమ్ నియమం బట్టీ పట్టేసి పరీక్షలో రాసేస్తారు. పొలంలో మోటారు స్టార్టర్ డబ్బాను తడి చేత్తో ఎందుకు ముట్టకూడదో చెప్పేది కూడా ఆ నియమమేనని మాత్రం తోచదు. మార్కుల కోసం చదివే ఆ నాలుగు లైన్లు ప్రాణాన్ని కూడా కాపాడతాయి.

ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ వైపు పిల్లలకు ఈ పాఠం అర్థం కావడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పక్కనే కృష్ణా నది ఉంది. ముక్త్యాలకు కాస్త ఎగువన పులిచింతల డ్యామ్ ఉంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ప్రవాహం: ఆంపియర్

డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడు ‘ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారు’ అని వార్తల్లో వింటాం. అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు దాటాయో లెక్క. కరెంటుకీ అలాంటి లెక్కే ఉంది. రాగి తీగలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు ఉంటాయి. తీగలో ఒక చోటు నుంచి సెకనుకు ఎంత విద్యుదావేశం దాటిందో అదే విద్యుత్ ప్రవాహం. దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. ఒక ఆంపియర్ అంటే సెకనుకు సుమారు 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు దాటడం.

ఇక్కడో వింత ఉంది. తీగలో ఎలక్ట్రాన్లు ముందుకు జరిగే వేగం చీమ నడక కన్నా తక్కువ. మరి స్విచ్ వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? నీళ్లతో నిండిన పైపును గుర్తు చేసుకోండి. కుళాయి తిప్పగానే ట్యాంకులోని నీళ్లు పరుగెత్తుకు రావు, కుళాయి దగ్గరున్న నీళ్లే ముందు పడతాయి. తీగ కూడా ముందే ఎలక్ట్రాన్లతో నిండి ఉంటుంది. స్విచ్ వేయగానే అన్నీ ఒకేసారి కదులుతాయి.

ఒత్తిడి: వోల్టు

చదునైన చెరువులో నీళ్లు పారవు. ఎత్తుపల్లాలు ఉంటేనే పారతాయి. కరెంటు పారడానికి కావాల్సిన ఆ ‘ఎత్తు తేడా’ పేరే పొటెన్షియల్ భేదం. దాన్ని వోల్టుల్లో కొలుస్తాం. టార్చిలైటు సెల్లుకు 1.5 వోల్టులు, మన ఇంటి ప్లగ్గులో 230 వోల్టులు.

ఎత్తు ఎందుకు ముఖ్యమో కృష్ణా నదే చూపిస్తుంది. నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. అదే నది మీద దిగువన ఉన్న పులిచింతలలో 30 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 120 మెగావాట్లు. సాగర్ దగ్గర నీళ్లు చాలా ఎత్తు నుంచి పడతాయి, పులిచింతల దగ్గర ఆ ఎత్తు తక్కువ. నీటి బలం రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత ఎత్తు నుంచి పడుతోంది, సెకనుకు ఎంత పడుతోంది. కరెంటులోనూ అంతే. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి.

అడ్డు: ఓమ్

లావు పైపులో నీళ్లు సులువుగా పోతాయి, సన్న పైపులో కష్టంగా పోతాయి. పైపు పొడుగైతే ఇంకా కష్టం. తీగ కరెంటును అడ్డుకునే ఈ గుణమే నిరోధం. జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ ఓమ్ 1827లో ఈ మూడింటి లెక్క ప్రకటించాడు. వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఇస్త్రీ పెట్టె 1,000 వాట్లది అనుకోండి. 230 వోల్టుల మీద అది సుమారు 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే దాని నిరోధం సుమారు 53 ఓమ్‌లు.

డ్యామ్ నుంచి ఇంటికి

డ్యామ్ దగ్గర నీళ్లు టర్బైన్‌ను తిప్పుతాయి. దానికి బిగించిన జనరేటర్‌లో అయస్కాంత క్షేత్రం, తీగ చుట్టలు ఒకదానికొకటి సాపేక్షంగా తిరుగుతాయి. అలా తిరిగితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు మండించి పుట్టించిన ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. సూత్రం మాత్రం ఇదే.

మరి పొలాల మీదుగా పోయే లైన్లలో 11,000 వోల్టులు ఎందుకు? 100 కిలోవాట్లు పంపాలంటే 230 వోల్టుల మీద సుమారు 435 ఆంపియర్లు కావాలి. 11,000 వోల్టుల మీద సుమారు 9 ఆంపియర్లు చాలు. తీగ వేడెక్కి వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు తగ్గితే నష్టం బాగా తగ్గిపోతుంది. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఆ వోల్టేజిని మళ్లీ దించి ఇళ్లకు ఇస్తుంది.

షాక్ ఎందుకు కొడుతుంది?

నీటి పోలిక ఇక్కడ ఆగిపోతుంది. పైపు తెగితే నీళ్లు బయట పడతాయి. తీగ తెగితే కరెంటు బయటికి కారదు. వెళ్లిన కరెంటు తిరిగి వచ్చే దారి, అంటే పూర్తి వలయం ఉంటేనే పారుతుంది. ఒకే తీగ మీద వాలిన కాకికి ఏమీ కాకపోవడానికి కారణం ఇదే. మనం మాత్రం నేల మీద నిలబడతాం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు. కాబట్టి ఫేజ్ వైరు ముట్టుకుంటే వలయం మన ఒంటి గుండా పూర్తవుతుంది.

ఇప్పుడు ఓమ్ లెక్క వేయండి. పొడి చర్మం నిరోధం సుమారు లక్ష ఓమ్‌లు అనుకుందాం. 230ని లక్షతో భాగిస్తే 2.3 మిల్లీ ఆంపియర్లు, అంటే జిల్లుమంటుంది. చెయ్యి తడిస్తే నిరోధం వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. అప్పుడు 230 మిల్లీ ఆంపియర్లు. పదిహేను, ఇరవై మిల్లీ ఆంపియర్లకే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదల్లేం. వంద దాటితే గుండె లయ తప్పుతుంది. వోల్టేజి మారలేదు, మారింది నిరోధం ఒక్కటే. తడి చేత్తో స్టార్టర్ ముట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్లు మందలించేది ఉత్త భయంతో కాదు, ఆ మాట వెనుక ఈ లెక్క ఉంది.

ఫ్యూజు, ఎర్తింగ్

ఫ్యూజు తీగ సన్నగా, త్వరగా కరిగేలా ఉంటుంది. కరెంటు హద్దు దాటితే ముందు అది కరిగి వలయాన్ని తెంచుతుంది. మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ చుట్టేస్తే అది కరగదు. దాని బదులు గోడలోని వైరింగ్ కాలుతుంది. ఎర్తింగ్ పని వేరు. మోటారు ఇనుప ఒంటికి ఫేజ్ తగిలితే, మన శరీరం కన్నా చాలా తక్కువ నిరోధం ఉన్న దారిలో కరెంటును భూమిలోకి పంపుతుంది. ఆ భారీ కరెంటుకు ఫ్యూజు కూడా పోతుంది. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నులతో ప్లగ్గు పెట్టేవాళ్లు ఈ రక్షణను చేతులారా తీసేసుకున్నట్టే.

గుర్తుంచుకోండి

ఎవరికైనా షాక్ కొడుతుంటే వాళ్లను చేత్తో పట్టుకోవద్దు, పట్టుకుంటే మీరు కూడా ఆ వలయంలో కలిసిపోతారు. ముందు మెయిన్ ఆపండి. అది వీలు కాకపోతే పొడి కర్రతో తీగను తొలగించండి, అదీ ఇంటి 230 వోల్టుల తీగ అయితేనే. పొలంలో 11,000 వోల్టుల తీగ తెగిపడితే దగ్గరికే పోవద్దు, కర్ర కూడా వాడొద్దు. పెద్దవాళ్లకు చెప్పి 1912కు ఫోన్ చేయించండి. మనిషికి దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయాలి.

ఈ రోజు ఇంటికెళ్లాక ఒక పని చేయండి. ఇస్త్రీ పెట్టె, ఫ్యాను, మోటారు మీద రాసి ఉన్న వాట్లు చూసి, 230తో భాగించి, ఏది ఎంత కరెంటు తీసుకుంటుందో కాగితం మీద రాయండి. మోటారు మూడు ఫేజులదైతే లెక్క కొంచెం వేరు, సైన్స్ మాస్టారిని అడగండి. రాశాక అమ్మానాన్నలకు చూపించండి. ఫ్యూజు పెట్టెలో లావు తీగ చుట్టి ఉంటే చేయి పెట్టకుండా వాళ్లకు చెప్పండి, ఎలక్ట్రీషియన్‌తో మార్పించమనండి.