వాట్సాప్ నిషేధించిన కుక్క

జంషెడ్‌పూర్ సోనారీలో ఆ ఇల్లు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చుట్టూ ప్రహరీ, వెనక జామచెట్టు నీడ, పగలంతా ఇంటిపట్టునే ఉండే రిటైరైన బాబాయిగారు, కాలేజీకెళ్లే ఇద్దరు పిల్లలు. యజమాని వదిలేసిపోయిన ఐదేళ్ల జర్మన్ షెపర్డ్‌కు ఇంతకన్నా ఏం కావాలి? రెండుసార్లు వచ్చి చూసుకున్నారు, గిన్నె కూడా కొన్నారు. మూడోరోజు పొద్దున్నే పిన్నిగారి ఫోను. "ఏమీ అనుకోకు నాయనా, పెద్ద కుక్కల్ని గవర్నమెంటు బ్యాన్ చేసిందట కదా. పోలీసులొచ్చి పట్టుకుపోతారట. మనకెందుకొచ్చిన గొడవ?" ఆధారం ఏమిటయ్యా అంటే, ఆవిడ మరదలు పంపిన వాట్సాప్ ఫార్వర్డు. కుక్క ఉన్నచోటే ఉండిపోయింది, తాత్కాలికంగా ఆశ్రయమిచ్చినవాళ్ల మెట్ల కింద.

ఆ ఫార్వర్డు జంషెడ్‌పూర్‌లో రెండు పనులు చేస్తోంది. తెచ్చుకుందామనుకున్నవాళ్ల చెయ్యి వెనక్కి లాగుతోంది. వదిలించుకుందామని ఎప్పట్నుంచో చూస్తున్నవాళ్లకు చక్కటి సాకు అందిస్తోంది. అందుకే ముందు దాని సంగతి తేలుద్దాం.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వీలర్, కేన్ కోర్సో, మాస్టిఫ్‌ల వంటి 23 రకాల దిగుమతి, అమ్మకం ఆపమని, వాటిని పెంచడానికి కొత్తగా లైసెన్సులు ఇవ్వొద్దని అందులో ఉంది. అప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమంది. ఇళ్లలోకి వచ్చి పట్టుకుపొమ్మని ఎక్కడా లేదు. ఆ లేఖ కూడా నెల నిండకుండానే పోయింది. ఎవరినీ సంప్రదించకుండా ఇచ్చారంటూ ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత కేంద్రమే జనం అభిప్రాయాలు చెప్పమని అడిగింది. చచ్చిన లేఖను పట్టుకుని బతికున్న కుక్కను వీధిలో పెడుతున్నాం.

పోనీ, ఆ లేఖ ఇవాళ్టికీ అమల్లో ఉందనే అనుకుందాం. ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ లేదు. లాబ్రడార్ లేదు. డాబర్‌మన్ లేదు, గ్రేట్ డేన్ అంతకన్నా లేదు. కద్మాలోనూ టెల్కోలోనూ గేట్ల వెనక మొరిగేవి ఎక్కువగా ఇవే కదా! తమాషా ఏమిటంటే "టెర్రియర్లు" అని గంపగుత్తగా రాశారు. టెర్రియర్లలో ఒళ్లో పడుకోబెట్టుకునేంత పిడికెడు కుక్కలూ ఉన్నాయి. అంటే అది పెద్ద కుక్కల జాబితా కానే కాదు. ఎత్తునుబట్టి, బరువునుబట్టి కుక్కను నిషేధించిన చట్టం ఈ దేశంలో లేదు.

ఫార్వర్డులో రెండో సగం ఇంకా ఘోరం. "సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది" అట. ఏం చెప్పింది? 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల వీధికుక్కలను షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న దాన్ని సవరించి, ఆపరేషన్, టీకాలు అయ్యాక పట్టుకున్నచోటే వదలమంది. రేబిస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ మాత్రం మినహాయింపు. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి తీసేయమంది. మూడూ వీధికుక్కల గురించే. పైగా ఆగస్టు 22 నాటి ఆదేశంలోనే, కావాలనుకున్నవాళ్లు వాటిని దత్తత తీసుకోవచ్చని, తీసుకున్నాక మళ్లీ వీధిలో వదలకూడదని ఉంది. దత్తతకు తలుపు తీసిన తీర్పును దత్తత మానుకోవడానికి కారణంగా చెప్పుకోవడం మనకే చెల్లింది.

చట్టం భయం పోయాక రెండో ప్రశ్న వస్తుంది. "కరిచుంటుంది, అందుకే వదిలేశారు." ఈ ఊరి సంగతి తెలిసినవాళ్లు కూడా ఈ మాట అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇది క్వార్టర్ల ఊరు. ఉద్యోగం అయిపోయాక క్వార్టరు ఖాళీ చేయాలి. పెరడున్న ఇంట్లో పదేళ్లు పెరిగిన కుక్క, మాంగోలో కొన్న రెండు గదుల ఫ్లాట్‌లోకి, కాకపోతే శ్రీకాకుళంలో అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లోకి పనికిరాదు. కాపలాదారుడి చేతిలో నాలుగు వందలు పెట్టి గేటుకు కట్టేసి వెళ్లిపోతారు. అడిగితే "రైల్లో ఎక్కించరండీ" అంటారు. ఎక్కిస్తారు. ఫస్ట్ ఏసీ ఉన్న రైలైతే కూపే మొత్తం తీసుకుని వెంట తీసుకెళ్లొచ్చు, లేదంటే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల పెట్టె ఉంటుంది, బుక్ చేసుకోవాలి. ఇలా తిండీ నీళ్లూ లేని స్థితిలో వదిలిపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరమే. మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. బిస్టుపూర్‌లో రెండు ప్లేట్ల ఛాట్ కూడా రాదు.

ఇక అపార్ట్‌మెంటు పెద్దలు. "మా సొసైటీలో తీర్మానం చేశాం, పెద్ద కుక్కలు వద్దు" అంటారు. జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది: మెజారిటీ ఓటు వేసినా సరే పెంపుడు కుక్కను వద్దనే హక్కు సంఘానికి లేదు, జాతినిబట్టో సైజునుబట్టో తేడా చూపే హక్కూ లేదు.

ఇక జనం నోట నలిగే నమ్మకాలు. మొరిగే కుక్క కరవదంటారు; మొరిగీ కరిచిన కుక్కలు బోలెడు. పచ్చి మాంసం పెడితే క్రూరంగా మారుతుందనేది సినిమా కబురు. ఇరవై గోళ్లుంటే కాపలాకు దిట్ట అంటారు. వెనక కాళ్లకున్న ఆ అదనపు గోళ్లు దేనికో తగులుకుని చీరుకుపోవడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

ఒక్క మాట మాత్రం, ఇష్టం లేకపోయినా, ఒప్పుకుంటాను. పెద్ద కుక్క కరిస్తే గాయం పెద్దది. పమేరియన్ పది మందిని కరిచినా వార్త కాదు, షెపర్డ్ ఒక్కసారి పన్ను దింపితే కుట్లు పడతాయి. ముప్ఫయ్యైదు కిలోల కుక్క పిల్లిని చూసి ఒక్క గుంజు గుంజితే, తాడు పట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషి తుంటి విరుగుతుంది. మందుల మోతాదు కూడా బరువునుబట్టే, కాబట్టి బిల్లూ బరువే. ఈ భయాలు న్యాయమైనవి. అందుకే తెచ్చుకునే ముందు కుక్క సైజు గురించి కాదు, దాని చరిత్ర గురించి అడగండి. పిల్లలున్న ఇంట్లో పెరిగిందా? గిన్నె దగ్గరికి వెళితే గుర్రుమంటుందా? టీకాల కార్డు ఏదీ? తాడు ఎవరి చేతిలో ఉండబోతోందో ఆ మనిషినే నడిపించమనండి.

ఇంటికొచ్చిన మొదటివారం చూసి మురిసిపోవద్దు, బెదిరిపోవద్దు. కొత్తచోట కుక్క బిక్కచచ్చి ఉంటుంది. అసలు స్వభావం మూడో వారానికి బయటపడుతుంది. అప్పటిదాకా చుట్టాలను పిలిచి ప్రదర్శన పెట్టకండి, చిన్నపిల్లలతో అయితే ఎప్పుడూ ఒంటరిగా వదలకండి. తిండి ఒకే పూట కుండెడు కాకుండా రెండు మూడు పూటలుగా పెట్టండి. రొమ్ము లోతైన పెద్ద జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, గంటల్లో ప్రాణం పోతుంది. పొట్ట బిగిసి, ఊరికే ఓకరిస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు. వానాకాలం పిడుదుల జ్వరం వస్తుంది, చెవుల్లో, వేళ్ల సందుల్లో రోజూ వెతకాలి. వేసవి అంటారా, మన ఊరి మే నెల మీకు నేను చెప్పాలా? బొచ్చు గొరిగించొద్దు, నీడా నీళ్లూ చాలు. సెయింట్ బెర్నార్డ్ కావాలనే ముచ్చట ఉంటే మాత్రం కరెంటు బిల్లును ఒకసారి తలుచుకోండి.

ఆ షెపర్డ్ ఇంకా మెట్ల కిందే ఉంది. పిన్నిగారికి కోర్టు తీర్పు సంగతి చెప్పాను, మరదలిని అడిగి చెప్తానన్నారు. ఈలోగా ఎవరైనా చూడ్డానికి వచ్చేట్టయితే పొద్దున ఆరున్నర లోపు రండి. తర్వాత ఎండకు అది బయటికి రాదు.