సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: పాత అంబాసిడర్‌లో స్పార్క్ ఎక్కడ ఆగిపోతుంది?

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఆ కారును ఇప్పటికీ నడుపుతున్నవారు ఉన్నారు. పాయింట్లతో పనిచేసే పాత పెట్రోల్ ఇంజిన్ ఉన్నవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో ఇదొకటి. కీ తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, బండి మాత్రం స్టార్ట్ కాదు.

అలాంటప్పుడు కాయిల్, కండెన్సర్, ప్లగ్గులు అంటూ ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడం మామూలే. దీనివల్ల డబ్బు వృథా కావడమే కాదు, బాగున్న పాత భాగం పోయి నాసిరకం కొత్తది వచ్చి చేరవచ్చు. వరుస తప్పకుండా పరీక్షిస్తే ఆ అవసరం ఉండదు.

స్పార్క్ ఎలా పుడుతుంది?

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పాయింట్లు తెరుచుకోగానే అది కుప్పకూలి, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. ఆ విద్యుత్తును రోటర్, డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్ వైర్లు వంతుల వారీగా ప్లగ్గులకు చేరుస్తాయి. ఈ దారిలో ఎక్కడ తెగినా స్పార్క్ రాదు.

ముందు ఏం చూడాలి?

ప్లగ్గు విప్పి చూడాలి. పెట్రోల్‌తో తడిసి ఉంటే ఇంధనం అందుతున్నట్టే, అనుమానం స్పార్క్ మీదే. ఒక విడి ప్లగ్గును వైరుకు తగిలించి, దాని లోహపు భాగం ఇంజిన్‌కు తాకేలా పెట్టి, సెల్ఫ్ కొట్టించాలి. నీలంగా, చిటపటమంటూ వస్తే స్పార్క్ బాగున్నట్టు. పసుపుగా, సన్నగా ఉంటే బలహీనం.

అసలు రాకపోతే, కాయిల్ మధ్య నుంచి వచ్చే వైరుతో ఇదే పరీక్ష చేయాలి. అక్కడ వస్తే లోపం రోటర్, మూత, ప్లగ్ వైర్లలో ఉంది. వానాకాలంలో మూత లోపల చేరిన తేమ కూడా కారణం కావచ్చు. పొడిగుడ్డతో తుడిచి, పగుళ్లు, నల్లటి గీతలు ఉన్నాయేమో చూడాలి.

కాయిల్ దగ్గరా రాకపోతే?

ఇక్కడ 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ చాలు. ఒక కొస ఎర్త్‌కు తగిలించి, కీ ఆన్ చేసి, ఇగ్నిషన్ స్విచ్ నుంచి వైరు వచ్చే కాయిల్ టెర్మినల్‌ను రెండో కొసతో తాకాలి. బల్బు వెలగకపోతే స్విచ్‌లోనో, ఆ వైరులోనో లోపం.

వెలిగితే, డిస్ట్రిబ్యూటర్ వైపు టెర్మినల్‌కు మార్చి సెల్ఫ్ కొట్టాలి. బల్బు వెలిగి ఆరుతుంటే పాయింట్లు పనిచేస్తున్నాయి, ఇక కండెన్సర్, కాయిల్‌ను చూడాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా వాటికి మసి పట్టింది. అసలు వెలగకపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా కండెన్సర్ షార్ట్ అయింది, లేదా కాయిల్ లోపల చుట్ట తెగింది. పాయింట్లను శుభ్రం చేసి, ఫీలర్ గేజ్‌తో సుమారు 0.4 మిల్లీమీటర్ల ఎడం పెడితే చాలాసార్లు సమస్య తీరుతుంది.

జాగ్రత్తలేంటి?

గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేయాలి. స్పార్క్ చూసేటప్పుడు దగ్గర్లో పెట్రోల్ ఉండకూడదు. విప్పిన ప్లగ్గు రంధ్రం నుంచీ పెట్రోల్ ఆవిరి వస్తుంది కాబట్టి ముందు ఆ ప్లగ్గును తిరిగి బిగించాలి. వైరును చేత్తో పట్టుకోకూడదు. పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. కీని ఎక్కువసేపు ఆన్‌లో వదిలేస్తే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

ఇంజెక్షన్ ఇంజిన్లున్న కార్లలో మాత్రం ఇలా వైర్లు పీకి చూడకూడదు. కంప్యూటర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. వాటిని స్కానర్ ఉన్న మెకానిక్‌కే అప్పగించాలి.