బండికి బీమా ఉంది.. రక్షణ ఎవరికి?

రహదారిపై తనిఖీ జరిగినప్పుడు చూపించేందుకు ఒక కాగితం ఉంటే చాలునన్న భావనతో ఏటా బీమా ప్రీమియం చెల్లించే వాహనదారులు మన దేశంలో కోకొల్లలు. ఆ కాగితం ఎవరిని కాపాడుతుందో, ఎవరిని కాపాడదో చాలా కుటుంబాలకు ప్రమాదం జరిగిన తరువాతే తెలుస్తోంది. ‘బీమా ఉంది కదా’ అన్న ధీమాతో ఆసుపత్రి బిల్లులు పట్టుకుని వెళ్లినవారికి ‘ఈ పాలసీ మీకు వర్తించదు’ అన్న సమాధానం ఎదురవుతుంది. అది ప్రతిసారీ మోసం కాదు. చాలా సందర్భాల్లో పాలసీ స్వభావమే అంత.

మోటారు వాహనాల చట్టం–1988లోని 146వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ వాహనాల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, రోడ్డెక్కే ప్రతి వాహనానికీ కనీసం థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. లేకుండా నడిపితే తొలిసారి రూ.2,000 జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే జరిమానా రూ.4,000. అయితే ఈ నిర్బంధం వాహన యజమాని మేలు కోరి పెట్టినది కాదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం ఒక్క 2022లోనే దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. ఢీకొట్టిన వ్యక్తి చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా బాధిత కుటుంబానికి పరిహారం అందాలన్నదే చట్టం ఉద్దేశం.

ఇంతకీ ‘థర్డ్ పార్టీ’ అంటే ఎవరు?

బీమా ఒప్పందంలో మొదటి పక్షం వాహన యజమాని, రెండో పక్షం బీమా సంస్థ. ఆ వాహనం వల్ల నష్టపోయిన బయటి వ్యక్తి మూడో పక్షం. పాదచారి కావచ్చు, సైకిలుపై వెళ్తున్న విద్యార్థి కావచ్చు, ఎదురుగా వచ్చిన మరో బండి మీది వ్యక్తి కావచ్చు. అతడు మరణించినా, గాయపడినా మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్ అతని వయసు, ఆదాయం, ఆధారపడిన వారి సంఖ్య చూసి పరిహారాన్ని నిర్ణయిస్తుంది. ఈ మొత్తానికి పాలసీలో గరిష్ఠ పరిమితి ఉండదు. కోటి రూపాయలకు తీర్పు వచ్చినా బీమా సంస్థే చెల్లిస్తుంది. ఎదుటివారి ఆస్తికి జరిగిన నష్టానికి మాత్రం పరిమితి ఉంది. సాధారణంగా కారుకు రూ.7.5 లక్షలు, ద్విచక్ర వాహనానికి రూ.లక్ష.

ఈ ప్రీమియాన్ని కంపెనీలు తమ ఇష్టానుసారం పెంచలేవు. కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన ధరల ప్రకారం 75 నుంచి 150 సీసీ మధ్య ఉన్న ద్విచక్ర వాహనానికి ఏడాదికి రూ.714, వెయ్యి సీసీ లోపు కారుకు రూ.2,094, అంతకు మించి 1,500 సీసీ వరకు రూ.3,416. పన్ను అదనం. ఇంత తక్కువ సొమ్ముకు అపరిమిత బాధ్యతను తలకెత్తుకునే ఈ పాలసీ, సొంత బండి నుజ్జయినా ఒక్క రూపాయి ఇవ్వదు.

వెనుక కూర్చున్నవారి మాటేమిటి?

ఎక్కువ మందిని ఆశ్చర్యపరిచే విషయం ఇదే. భార్యనో, స్నేహితుణ్నో వెనుక కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడు బండి అదుపు తప్పి పడిపోతే, వెనుకనున్న వ్యక్తి థర్డ్ పార్టీయేనని అందరూ అనుకుంటారు. కానీ చట్టం కోరిన కనీస పాలసీ ఒక్కటే ఉన్నప్పుడు ద్విచక్ర వాహనంపై వెనుక కూర్చున్నవారి పట్ల బీమా సంస్థకు బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2006లో స్పష్టం చేసింది. పరిహారం ఇవ్వవలసి వస్తే యజమాని సొంత జేబు నుంచే ఇవ్వాలి. అదే సమగ్ర పాలసీ, అంటే సొంత వాహన నష్టాన్ని కూడా కలిపి తీసుకున్న పాలసీ ఉంటే, కారులోని ప్రయాణికులకు, బండి వెనుక కూర్చున్నవారికి కూడా అది వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ ఆదేశాలను ఉటంకిస్తూ అదే న్యాయస్థానం 2012లో పేర్కొంది. ప్రమాదంలో రెండు వాహనాలు ఉండి తప్పు ఎదుటివారిదైతే పరిస్థితి వేరు. అప్పుడు వెనుక కూర్చున్న వ్యక్తి ఎదుటి వాహనానికి థర్డ్ పార్టీ అవుతాడు కనుక ఆ వాహన బీమా సంస్థ నుంచి పరిహారం కోరవచ్చు.

ట్రాక్టర్లు, సరుకు రవాణా ఆటోల విషయంలో ఇది మరింత తీవ్రమైన సమస్య. పత్తి ఏరడానికో, మిరప కోతకో వెళ్లే కూలీలు, పెళ్లికి తరలివెళ్లే బంధువులు ట్రాలీలో కిక్కిరిసి ప్రయాణించడం తెలుగు రాష్ట్రాల్లో నిత్యం కనిపించే దృశ్యమే. సరుకు వాహనంలో ఊరకే ఎక్కిన ప్రయాణికుల విషయంలో బీమా సంస్థ బాధ్యత వహించనక్కర్లేదని సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2002లోనే తీర్పునిచ్చింది. సరుకుతో పాటు వెళ్లే సరుకు యజమానికి గాని, అతని ప్రతినిధికి గాని చట్టం రక్షణ కల్పించింది తప్ప మిగిలినవారికి కాదు. ట్రాలీ బోల్తా పడితే పరిహార భారం ట్రాక్టరు యజమాని మీద పడుతుంది. ఎకరం, రెండెకరాల రైతు నుంచి ఆ సొమ్ము వసూలు కావడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. కొన్ని కేసుల్లో ముందు బీమా సంస్థే చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని న్యాయస్థానాలు ఆదేశించాయి. అయితే దానిని హక్కుగా భావించి నిశ్చింతగా ఉండలేము.

నడుపుతున్న వ్యక్తికే ప్రమాదం జరిగితే?

ఎదుటి వాహనం తప్పు ఏమీ లేకుండా, గుంతలో పడో, డివైడరును ఢీకొనో యజమాని మరణిస్తే థర్డ్ పార్టీ బీమా నుంచి ఏమీ రాదు. ఈ లోటును పూడ్చేందుకే యజమాని–డ్రైవరుకు రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాను నియంత్రణ సంస్థ 2018లో తప్పనిసరి చేసింది. తప్పెవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండా నామినీకి ఈ సొమ్ము అందుతుంది. మరెక్కడైనా అంతే మొత్తానికి ప్రమాద బీమా ఉన్నవారికి దీని నుంచి మినహాయింపు ఉంది. ఆన్‌లైన్‌లో పాలసీ కొనేటప్పుడు కొద్ది వందల రూపాయలు తగ్గుతాయని, లేని పాలసీ ఉన్నట్లు టిక్కు పెట్టి ఈ రక్షణను వదులుకోవడం మాత్రం ఆత్మవంచనే.

ఈ రూ.15 లక్షలు ఆర్‌సీలోను, పాలసీలోను పేరు ఉండి, చెల్లుబాటయ్యే లైసెన్సు కలిగిన యజమానికి మాత్రమే. బావగారి బండి అడిగి తీసుకువెళ్లిన వ్యక్తికి వర్తించదు. అలా ఎరువు తెచ్చుకున్న బండి నడిపే వ్యక్తి యజమాని స్థానంలోకి వస్తాడని, కనుక తన ప్రమాదానికి ఆ బండి బీమా నుంచి పరిహారం కోరలేడని సుప్రీంకోర్టు 2009లో తేల్చింది. ఇంట్లో ఒకే బండి ఉండి తండ్రి పేరు మీద నమోదై, కొడుకు రోజూ నడుపుతున్న కుటుంబాలు లెక్కలేనన్ని. అలాంటి చోట కొడుకు పేరిట విడిగా ప్రమాద బీమా తీసుకోవడం ఒక్కటే దారి.

అమ్మేసిన బండి, పాత యజమాని

బండి అమ్మి, సొమ్ము తీసుకుని, సంతకం చేసిన ఫారాలు ఇచ్చేస్తే తన బాధ్యత తీరిపోయిందని చాలామంది భావిస్తారు. చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారే యజమాని. చేతులు ఎన్ని మారినా, ప్రమాదం నాటికి ఆర్‌సీలో ఎవరి పేరు ఉందో వారే పరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎప్పుడో అమ్మేసిన బండి ఎక్కడో ఎవరినో ఢీకొంటే నోటీసు పాత యజమాని ఇంటికి వస్తుంది. ఆనాటికి బీమా కూడా ముగిసి ఉంటే ఆ కుటుంబం అప్పుల పాలైనట్లే.

కొన్నవారికి కూడా ఒక చిక్కు ఉంది. యాజమాన్యం మారితే థర్డ్ పార్టీ రక్షణ దానంతట అదే కొత్త యజమానికి బదిలీ అయినట్లు చట్టం భావిస్తుంది. సొంత వాహన నష్టానికి సంబంధించిన భాగం అలా బదిలీ కాదు. 14 రోజుల్లోగా బీమా సంస్థకు దరఖాస్తు చేసి పాలసీలో పేరు మార్పించుకోవాలి.

లైసెన్సు విషయంలో ఆటో, చిన్న సరుకు వాహనాల డ్రైవర్లకు ఊరటనిచ్చే తీర్పు ఒకటి వెలువడింది. తేలికపాటి వాహనాల లైసెన్సుతో 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న ప్రకటించింది. లైసెన్సులో రవాణా వాహనమన్న ప్రత్యేక అనుమతి లేదన్న సాకుతో క్లెయిములను తిరస్కరించే వీలు దీనితో పోయింది.

సొంత బండి నష్టం

2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్లు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి. షోరూంలో ‘ఐదేళ్ల బీమా’ అన్న మాట విని అన్నిటికీ ఐదేళ్ల రక్షణ ఉందనుకోవడం సర్వసాధారణమైన పొరపాటు. సొంత నష్టానికి బీమా సాధారణంగా మొదటి ఏడాదితోనే ముగుస్తుంది. రెండో ఏడాది బండి దొంగతనానికి గురైతే అసలు విషయం బయటపడుతుంది. ఈ భాగాన్ని వేరుగా, నచ్చిన కంపెనీ నుంచి తీసుకునే వెసులుబాటు 2019 సెప్టెంబరు నుంచి ఉంది.

సమగ్ర పాలసీ ఉన్నా మరమ్మతు బిల్లు మొత్తం రాదు. రెండేళ్లు దాటి మూడేళ్లు నిండని 1,200 సీసీ కారునే తీసుకుంటే, రూ.8,000 విలువైన ప్లాస్టిక్ బంపరులో సగం కోత పడుతుంది. రూ.10,000 విలువైన ఇనుప తలుపులో 15 శాతం పోతుంది. రూ.6,000 అద్దానికి కోత లేదు. అంటే రూ.24,000లో లెక్కకు వచ్చేది రూ.18,500. అందులోంచి తప్పనిసరి మినహాయింపు రూ.1,000 తీసివేస్తే చేతికి అందేది రూ.17,500. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు రక్షణ తీసుకుంటే అరుగుదల కోత ఉండదు కాని, ఆ వెయ్యి రూపాయలు మాత్రం తప్పవు.

వరద నష్టం సమగ్ర పాలసీ పరిధిలోకి వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు వేలాది వాహనాలు నీటిలో నిలిచిపోయాయి. అలాంటి సందర్భంలో ఇంజిను లోపలికి నీరు చేరిన బండిని స్టార్టు చేయడం వల్ల ఇంజిను దెబ్బతింటే, అది వరద వల్ల కాక ఆ తరువాతి చర్య వల్ల కలిగిన నష్టమని కంపెనీలు తిరస్కరిస్తాయి. ఇంజిను రక్షణ అనే అదనపు పాలసీ ఉంటే తప్ప ఆ ఖర్చు రాదు. కనుక తాళం తిప్పకుండా బండిని లాగించి వర్క్‌షాపుకు చేర్చడం ఉత్తమం.

చిన్న గీతకు క్లెయిము చేయవచ్చా అన్నది మరో సందేహం. క్లెయిము లేని ఏళ్లకు సొంత నష్టం ప్రీమియంలో 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం వరకు రాయితీ లభిస్తుంది. రూ.8,000 ప్రీమియంపై రూ.4,000 రాయితీ పొందుతున్న వ్యక్తి రూ.3,000 మరమ్మతుకు క్లెయిము చేస్తే నష్టపోయేది తానే. ఈ రాయితీ బండికి కాదు, యజమానికి చెందుతుంది. కారు అమ్మి కొత్తది కొన్నా వెంట తీసుకువెళ్లవచ్చు. పాలసీ ముగిసిన 90 రోజుల్లోగా పునరుద్ధరించకపోతే మాత్రం పూర్తిగా పోతుంది.

మద్యం తాగి నడిపినా, సొంత కారును అద్దెకు తిప్పినా సొంత నష్టానికి క్లెయిము రాదు.

ప్రమాదం జరిగితే

గాయపడినవారికి వైద్య సహాయం అందేలా చూడటం, వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయడం, బీమా సంస్థకు సమాచారం ఇవ్వడం 134వ సెక్షన్ కింద డ్రైవరు విధులు. సర్వేయరు చూడకముందే బండిని బాగు చేయించకూడదు. బండి చోరీకి గురైతే ముందు పోలీసు ఫిర్యాదు ముఖ్యం. వెంటనే ఎఫ్ఐఆర్ నమోదై ఉంటే, బీమా సంస్థకు చెప్పడంలో జాప్యం జరిగిందన్న ఒక్క కారణంతో క్లెయిమును తిరస్కరించరాదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో తీర్పునిచ్చింది.

బాధితులు ట్రైబ్యునల్‌ను ఆశ్రయించేందుకు 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ఆరు నెలల గడువు విధించింది. ఢీకొట్టిన వాహనం ఆచూకీ తెలియకపోతే మృతుల కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రూ.50,000 ప్రభుత్వ పథకం కింద లభిస్తాయి.

సొంత క్లెయిమును అన్యాయంగా తిరస్కరించారని భావించే పాలసీదారులు మొదట కంపెనీలోని ఫిర్యాదుల విభాగానికి లిఖితపూర్వకంగా రాయాలి. ‘బీమా భరోసా’ పోర్టల్‌లోను, 155255 నంబరులోను నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ నెల రోజుల్లో స్పందించకపోయినా, సమాధానం సంతృప్తికరంగా లేకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులను హైదరాబాద్ కార్యాలయం విచారిస్తుంది.