వసంతపు పలకపై రెండు చలికాలాలు

ఈస్టరు మరునాటి సోమవారం ఫ్రాన్సు దేశంలో సెలవుదినం. పండ్లచెట్లు పూతకు వచ్చే వేళ. బంధుమిత్రులు కూడిన చోట, అసలు భోజనానికి ముందు, అందరి నడుమకూ ఒక చెక్కపలక వస్తుంది. పలుచగా కోసిన ఎండు మాంసం, సాసేజి బిళ్లలు, మేకపాల జున్ను, ఎర్రని చిన్న ముల్లంగులు, రొట్టె దానిపై ఉంటాయి. కొత్తగా చూచేవారికి చేతికందినవన్నీ పేర్చినట్లే తోస్తుంది. కాని అందులో ఒక్కొక్కదానికి ఒక్కొక్క వయస్సున్నది.

ఉప్పువేసి గాని, వండి గాని నిలువచేసే పందిమాంసపు పదార్థాలను ఫ్రెంచివారు షార్కుట్రీ అంటారు. వండిన మాంసమని ఆ మాటకు మూలార్థం. పూర్వం అక్కడి రైతు పందిని చలికాలంలోనే కోసేవాడు. వేసవిలో కోస్తే ఉప్పు లోపలికి ఇంకకమునుపే మాంసం చెడుతుంది. ఉప్పు మాంసంలోని నీటిని లాగివేస్తుంది. నీరు చాలనిచోట కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. మన ఆవకాయ జాడీని ఏడాది పొడుగునా కాపాడే వాటిలోనూ ఉప్పుదే పెద్ద పాలు.

సన్నని సాసేజి కొద్ది వారాలలో ఆరుతుంది. కనుక అది మొన్నటి చలికాలపుది. పంది తొడ అలా కాదు. నైరుతి ఫ్రాన్సులోని బయోన్ పట్టణం పేరు ధరించే తొడమాంసానికి కనీసం 7 నెలలు పట్టాలని నియమం. ఉప్పు పట్టించి వ్రేలాడదీసిన తరువాత, పైకి కనబడే కండకు పందికొవ్వూ పిండీ కలిపిన ముద్ద పూస్తారు. లోపలి తేమ ఒక్కసారిగా పోకుండా అది అడ్డుకుంటుంది. పాతకాలపు లెక్కన, ఈస్టరునాడు కోసే తొడ నిరుటి చలికాలపుదన్నమాట. ఆ పట్టణంలో ఈస్టరు రోజులలో జరిగే తొడమాంసపు సంత 1462 నాటిది. తపస్సుకాలపు నలభై రోజులూ మాంసం ముట్టని జనానికి అంతకంటె తగిన సంత ఏమున్నది? గుడ్లు కూడ ఆ రోజులలో నిషిద్ధమే. కోళ్లు మాత్రం ఉపవాసం ఎరుగవు గదా! పోగుపడిన గుడ్లను ఉడికించి, మాంసంతోపాటు పిండిపొరలో పెట్టి కాల్చే ఈస్టరు పాతే బెర్రీ ప్రాంతంలో నేటికీ ఉన్నది.

అయితే పంది ఉన్న రైతుకు ఉప్పు ఉండాలని లేదు. గాబెల్ అనే ఉప్పు పన్ను రాజుల కాలంలో ఫ్రెంచి రైతును పీడించింది. పన్ను భారం హెచ్చుగా ఉన్న ప్రాంతాలలో ప్రతి కుటుంబమూ నిర్ణీతమైన ఉప్పును ప్రభుత్వం వద్ద కొని తీరవలె. 1680 నాటి శాసనం ప్రకారం ఆ ఉప్పు కుండలోకీ భోజనపు బల్లకూ మాత్రమే. దానితో పందిమాంసం ఊరవేస్తే నేరం. అందుకు వేరే ఉప్పు కొనవలె. 1930 దండి యాత్రను పాఠాలలో చదివిన మన విద్యార్థులకు ఈ బాధ వివరించనక్కరలేదు. విప్లవం 1790లో గాబెల్‌ను రద్దు చేసింది. 1806లో నెపోలియన్ ఉప్పు పన్నును మళ్లీ తెచ్చాడు. అది పూర్తిగా పోయినది 1945లో. బయోన్‌కు చేరువనున్న బేర్న్ సీమ ఈ గాబెల్‌కు లోబడలేదు. ఉప్పు ఊటలున్న సలీస్ పట్టణం ఆ సీమలోదే.

ఇక పేర్చడం. తొడమాంసం కాగితమంత పలుచగా ఉండాలి. మందమైతే ఉప్పు తప్ప మరేమీ తెలియదు. చల్లని చోటునుంచి కొంత ముందుగా బయటికి తీస్తేనే కొవ్వు మెత్తబడి వాసన విచ్చుకుంటుంది. కొవ్వు రుచిని విరచడానికి వినిగరులో ఊరిన దోస పిందెలు కావాలి. అవి పోయిన వేసవివి. మేకలు చలికాలం చివర ఈనుతాయి గనుక వసంతంలో జున్ను లేతగా దొరుకుతుంది. ముల్లంగిని వెన్నలోను, ఉప్పులోను అద్ది తింటారు. అన్నిటిలోకి కొత్తది అదే. ఈనాటి విందులలో మాంసాన్ని పూలరేకులుగా మడిచి, పలక కనబడకుండా ఇరవై రకాలు కుక్కడం పరిపాటి అయింది. ఫొటోకు అది బాగుండవచ్చును. తినేవారికి నాలుగైదు రకాలే మేలు.

తొడ అయిపోయినాక మిగిలిన ఎముకను నైరుతి ప్రాంతపు గృహిణి పారవేయదు. క్యాబేజీ, చిక్కుడుగింజలతో కాచే గార్బ్యూర్ అనే చారులోకి మరునాడు అది పోతుంది.